నీళ్ళు పండే దాకా

నాన్న పోయిన పదకొండో రోజు కార్యక్రమం ముగిసి, భోజనాలయ్యి, చుట్టాలంతా వసారాలో చేరగిలబడి ఉన్న వేళ, మా పిన్ని మనవడికి ఒళ్ళు వెచ్చగా ఉందని ఎవరో అన్నారు. నాన్న అలమరలో ఇప్పటికీ పాత గాజు థర్మామీటరే ఉంది. సత్య దాన్ని కడిగి, పిల్లాడి చంకలో పెట్టి, కాసేపయ్యాక తీసి వెలుతురు వైపు తిప్పి చూసింది. చూసి, నా చేతికిచ్చింది. "నువ్వు చూసి చెప్పు మణీ. నా కళ్ళని నేను నమ్మను," అంది. "ఇంత చదువు చెప్పే టీచరమ్మవి, థర్మామీటరు చూడ్డం రాదా?" అంది పిన్ని. "రాక కాదండీ. చిన్నప్పుడు మావయ్య దగ్గర ఒకసారి రంగు తప్పు చూశాను. అప్పట్నుంచీ అంతే. మా పిల్లలకి జ్వరమొచ్చినా పక్కింటావిడకే చూపించేదాన్ని," అని సత్య నవ్వింది. అందరూ నవ్వారు. నేను పాదరసం ఎక్కడుందో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. తొంభై తొమ్మిదిన్నర. ఆ అంకె పిన్నికి చెప్పి, థర్మామీటరు కడగడానికి లేచాను. సత్య రంగు తప్పు చూడలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందులో ఒకరికి ఆ రోజే పిండం పెట్టాం.

సత్య మా మేనత్త కూతురు. నాకంటే ఎనిమిది నెలలు పెద్ద, వరసకి వదిన. వాళ్ళది ఆత్రేయపురం పక్కన గోదావరి ఒడ్డు ఊరు. పదో తరగతి అయ్యాక దగ్గర్లో మంచి కాలేజీ లేదని నాన్న వెళ్ళి భీమవరం తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నారు. అప్పటికి మేమున్నది రెండు గదుల అద్దె వాటా. అమ్మ, నాన్న, నాన్నమ్మ, నేను. సత్య ఒక రేకు పెట్టె, ఒక చాప, వాళ్ళమ్మ కట్టిచ్చిన పూతరేకుల డబ్బాతో దిగింది. నాన్న తీపి ముట్టరు. పండక్కి అమ్మ బూరెలు చేసినా ఒకటి తుంచి పక్కన పెట్టే మనిషి, ఆ సాయంత్రం తన అక్క చేతి పూతరేకులని మూడు తిన్నారు. నేను పక్కనే కూర్చుని లెక్కపెట్టాను. ఆ లెక్క అక్కడితో ఆగలేదు. సత్యని "సత్యమ్మా" అని ఎన్నిసార్లు పిలిచారు, నన్ను ఎన్నిసార్లు పిలిచారు, ఎవరి వైపు చూసి నవ్వారు, అన్నీ లెక్కే. మా ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళని "మీరు" అనాలి. నేను నాన్నని "మీరు" అనే పెరిగాను. సత్య వచ్చిన రోజునే "నువ్వు కూడా తిను మావయ్యా" అంది. ఆ "నువ్వు" నా చెవిలో ముల్లులా దిగింది.

నాన్న ఊళ్ళో ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేసేవారు. రొయ్యల చెరువుల వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తే అందులో ఉప్పెంతుంది, అమ్మోనియా ఎంతుంది అని చూసి చెప్పడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కాకి చెరువు బురద వాసన, దాని కింద ఏదో ఘాటైన మందు వాసన ఉండేవి. పెరట్లో రెండు బకెట్లతో స్నానం చేసి, లుంగీ కట్టుకుని, పొద్దున్న చదివేసిన పేపరే మళ్ళీ తీసి పడక్కుర్చీలో కూర్చునేవారు. మాట్లాడేది తక్కువ. రెండు మాటలు, మహా అయితే మూడు. నా ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టి "బాగుంది" అని ఇచ్చేసేవారు. లెక్కల్లో తప్పిన ఏడాది కూడా "బాగుంది" అనే ఇచ్చారు. ఆదివారాలు రైతులు ఇంటికే వచ్చేవాళ్ళు, తడిగుడ్డలో చుట్టిన సీసాలతో. "సార్, రొయ్య పైకి తేలిపోతోందండి. ఒకసారి చూసి చెప్పండి," అని గుమ్మం దగ్గరే నిలబడేవారు. నాన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి, చుక్కలు వేసి, తెల్ల కాగితం ముందు పట్టుకుని చాలాసేపు చూసేవారు. "ఎక్కువుంది. నీళ్ళు మార్చండి," అనేవారు. వాళ్ళు పరిగెత్తినట్టే వెళ్ళేవాళ్ళు. ఒకసారి అమ్మ "అంతసేపు ఏం చూస్తారండీ, రంగే కదా" అంటే, "తప్పు చూస్తే ఆయన చెరువు పోతుంది" అన్నారు. నాకు గుర్తున్నంతలో ఆ నెలలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

ఆ మనిషి ఒకరోజు రిక్షాలో గాజు తొట్టి వేయించుకుని వచ్చారు. అద్దాల కొట్టులో కొలతలిచ్చి చేయించారట. రెండున్నర అడుగుల పొడవు, అంచులన్నీ సిలికాన్‌తో అతికించి, ఇంకా పుల్లటి వాసన వేస్తోంది. ముందు గదిలో అమ్మ కుట్టుమిషన్ పక్కన ఇటుకలు పేర్చి, చెక్క వేసి, దాని మీద పెట్టారు. ఇసుక సత్య వాళ్ళ ఊరి నుంచి బస్సు మీద గోనెసంచిలో వచ్చింది. భీమవరంలో ఇసుక దొరకదా అనుకున్నాను కానీ పైకి అనలేదు. సత్యా నేనూ దాన్ని పెరట్లో ఎనిమిదిసార్లు కడిగాం. నీళ్ళ సంగతి ఇంకో పెద్ద పని. మా బోరు నీళ్ళు ఉప్పన, వాటితో అన్నం వండితే పచ్చబడిపోయేది. కాలవ నీళ్ళు మునిసిపాలిటీ కుళాయిలో పొద్దున్న గంటసేపు వచ్చేవి, బ్లీచింగ్ కంపుతో. ఆ కంపు పోవాలని నాన్న ఉన్న బకెట్లన్నీ నింపి రెండు రోజులు మూతలు తీసి ఉంచారు. ఆ రెండు రోజులూ అమ్మ బిందెల్లోంచి ముంతతో తోడుకుని స్నానానికి పోసింది. అంతా అయ్యి, తొట్టి నిండి, గాలి పంపు బుడబుడమని, లైటు వెలిగాక నేను "చేపలు ఎప్పుడు తెస్తారు?" అని అడిగాను. "నెలాగాలి," అన్నారు. నేను కాలేజీ పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. వెనక నుంచి సత్య గొంతు వినబడింది. "నెల ఎందుకు మావయ్యా?"

దానికి నాన్న అరగంట సమాధానం చెప్పారు. నేను గోడ అవతల మంచం మీద కూర్చుని మొత్తం విన్నాను. కొత్త నీళ్ళు పచ్చి నీళ్ళట, పండాలట. చేప తిన్నది విసర్జిస్తే అమ్మోనియా అవుతుంది, అది చేపకి విషం. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిని ఎవరూ తేనక్కర్లేదు, తిండి ఉంటే వాటంతటవే వస్తాయి, ఇసుకలో, అంతకంటే ఎక్కువగా గాలి పంపుకి తగిలించిన స్పాంజీలో కాపురం పెడతాయి. అవి అమ్మోనియాని నైట్రైట్ చేస్తాయి, అదీ విషమే. అప్పుడు ఇంకో రకం జీవులు వచ్చి దాన్ని అంత హాని లేనిదిగా మారుస్తాయి. ఈ రెండు కాపురాలూ స్థిరపడే దాకా చేపని దించకూడదు. "వాళ్ళు ముందు రావాలి సత్యమ్మా, వాళ్ళ తర్వాతే చేపలు," అన్నారు. ఆ సూక్ష్మజీవుల్ని నాన్న "వాళ్ళు" అన్నారు. ఇంటికి రాబోయే చుట్టాల గురించి చెబుతున్నట్టు. నాతో పదిహేడేళ్ళలో అంతసేపు ఒక్కసారి మాట్లాడలేదు. సత్య మధ్య మధ్య "మరి?" అంటోంది, "అదెలా తెలుస్తుంది?" అంటోంది. నాకు అలా అడగాలని తోచలేదన్న మాట నిజమే. కానీ ఆ రోజు నాకు కనబడింది అది కాదు. నాన్న దగ్గర అన్ని మాటలున్నాయి, నాకు మాత్రం ఇవ్వడం లేదు, అంతే కనబడింది.

"వాళ్ళ" తిండి కోసం నాన్న ఒక పచ్చి రొయ్యని పల్చటి గుడ్డలో కట్టి తొట్టిలో వేలాడదీశారు. నాలుగు రోజులకి ముందు గది నీచు కంపు. "నా వంటింట్లో రొయ్య కుళ్ళితే ఊరుకుంటారా ఈయన," అని అమ్మ అగరొత్తులు వెలిగించేది. నాన్నమ్మ గోడకి జారబడి కూర్చుని, వక్క కత్తిరించుకుంటూ తొట్టి వైపే చూసేది. గోదావరి చేప తిని పెరిగిన మనిషి. "ఒరే, దీపం పెట్టావు, నైవేద్యం పెట్టావు, దేవుడేడిరా?" అని రోజుకోసారి అడిగేది. వీధిలోవాళ్ళు కిటికీలోంచి తొంగి చూసి, చేపల్లేని తొట్టిని చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నాన్న మాత్రం పొద్దున్నే కుళాయి నీళ్ళు పట్టడం అయ్యాక, అమ్మ టీ పెట్టేలోపు, తొట్టి ముందు స్టూలు వేసుకుని ల్యాబ్ నుంచి తెచ్చిన చిన్న పెట్టె తెరిచేవారు. అందులో మూడు గాజు గొట్టాలు, చుక్కల సీసాలు, రంగులు అచ్చువేసిన అట్టముక్క. అమ్మోనియా లేకపోతే పసుపు, ఉన్నకొద్దీ ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే తెల్లగా నీళ్ళలాగే, ఉన్నకొద్దీ గులాబీ.

మొదటి రోజు ఆయన పిలిచింది నన్నే. ఇది నేను ఎప్పుడూ మర్చిపోలేదు. "చూస్తావా?" అని గొట్టం నా చేతికిచ్చారు. ఎనిమిది చుక్కలు వెయ్యాలి. నేను తొందరలో తొమ్మిదో పదో వేసి, ఒకసారి ఊపి, "ఆకుపచ్చ" అన్నాను. ఐదు నిమిషాలు ఆగాలని ఆయన చెప్పేలోపే చెప్పేశాను. ఆయన గొట్టం కడిగి, మళ్ళీ నీళ్ళు పోసి, ఈసారి సత్యకిచ్చారు. సత్య పెదాలు కదుపుతూ చుక్కలు లెక్కపెట్టింది. గోడ గడియారం చూస్తూ ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంది. తెల్ల కాగితం ముందు పెట్టి, పక్కకి తిప్పి, పైనుంచి చూసి, "పసుపే మావయ్యా, కానీ అడుగున కొంచెం లేతాకు రంగుంది. రెండో గడికీ మూడో గడికీ మధ్య," అంది. నాన్న ముఖంలో వెలుగు చూశాను. నేనేది చేసినా ఎన్నడూ రాని వెలుగు. మర్నాటి నుంచి పెట్టె సత్యది. రాసుకునే నోటు పుస్తకం కూడా సత్యదే. నాన్న ఇంటికొస్తూనే చెప్పులు విప్పకుండా "పొద్దున్న ఎంత సత్యమ్మా?" అనేవారు. నేను ఆ టైముకి కావాలని వంటింట్లో చేరి అమ్మకి కూరగాయలు తరిగేదాన్ని. ఒకసారి వేలు తెగింది. అమ్మ పసుపు అద్దుతూ, "పరాయి పిల్ల కాదే అది, మీ అత్త కూతురు," అంది. నేను ఏమీ అనకుండానే.

రెండో వారంలో గొట్టం ముదురాకుపచ్చ అయ్యింది. మూడో వారంలో అది వెనక్కి తగ్గుతూ, గులాబీ చిక్కబడింది. సత్య ప్రతి పొద్దున్నా ఆ మార్పుని పరీక్ష ఫలితాల్లా చదివేది. స్పాంజీ గోధుమరంగు జిడ్డు పట్టింది. నేను ముక్కు మూసుకుని దాన్ని తియ్యబోతే నాన్న గబుక్కున "ముట్టుకోవద్దు. మురికి కాదది. వాళ్ళ ఇల్లు," అన్నారు. అందరికీ వినబడేలా చెప్పారు, నేనూ విన్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఐదో వారంలో నాన్న ల్యాబ్ పని మీద కాకినాడ వెళ్ళారు. ఆదివారం పది గంటలకి పక్కింటి ఫోనుకి చేస్తానన్నారు. ఆ పొద్దున్న సత్య రెండు గొట్టాలూ పెట్టి, నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళింది. "మణీ, చూడవే. ఒకటి పసుపు, ఒకటి తెలుపు. నాకేమన్నా భ్రమా?" భ్రమ కాదు. నేను స్పష్టంగా చూశాను. నిమ్మకాయ పసుపు ఒకటి, మంచినీళ్ళలాంటిది ఒకటి. పది గంటలకి పక్కింటివాళ్ళ హాల్లో ఫోను సత్యే అందుకుంది. "రెండూ సున్నా మావయ్యా," అంది. పక్కనే నిలబడ్డ నాకు ఆ రిసీవర్‌లోంచి నాన్న నవ్వు వినబడింది. పెద్దగా, గలగలా. ఆయనకి అలా నవ్వడం వచ్చని నాకు తెలీదు. "చేపలు తెస్తాడట. సాయంత్రం బస్సుకి," అని సత్య నా వైపు తిరిగింది. నాతో మాట్లాడతారా అని ఆమె అడగలేదు, నాకివ్వమని నాన్నా అనలేదు. ఫోను పెట్టేశారు.

మధ్యాహ్నం భోజనాలయ్యి, అమ్మా నాన్నమ్మా నడుం వాల్చారు. సత్య వాళ్ళమ్మకి ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వెయ్యడానికి వెళ్ళింది. నేను స్పాంజీని తీసి పెరట్లోకి పట్టుకెళ్ళి, బకెట్లో బ్లీచింగ్ పౌడర్ కలిపి పిండాను. గోధుమరంగు నీళ్ళు తూములోకి పోతుంటే నాకు భయం వెయ్యలేదు, హాయిగా అనిపించింది. అది రాయకుండా ఉండలేను. తెల్లగా వచ్చేసింది. తెల్లగా ఉంటే తెలిసిపోతుందని, బాగా జాడించి, పొద్దున్న మిగిలిన టీ డికాక్షన్‌లో ముంచి, పాత రంగు తెప్పించి, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టాను. ఇదంతా పావుగంట. సత్య తిరిగొచ్చేసరికి గుమ్మంలో కూర్చుని బోటనీ పుస్తకం చదువుతున్నాను. ఏం జరుగుతుందని అనుకున్నానో చెప్పమంటే చెప్పలేను. చేపలు చావాలని అనుకోలేదు. సత్య చెప్పింది తప్పవ్వాలి, ఒక్కసారి తప్పవ్వాలి, అంతవరకే నా ఆలోచన వెళ్ళింది.

చీకటి పడేలోపు నాన్న వచ్చారు, గాలి నింపిన కవర్లలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, రెండు నల్ల మోలీ చేపలతో. కవర్లని కాసేపు నీళ్ళలో తేలనిచ్చి, మెల్లగా వదిలారు. నాన్నమ్మ వక్క కత్తి పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. రెండో రోజుకి గోల్డ్‌ఫిష్‌లు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సత్య గొట్టం పెట్టింది. ఆకుపచ్చ. మళ్ళీ పెట్టింది. ఆకుపచ్చే. నాన్న సగం నీళ్ళు మార్చారు, మర్నాడు మళ్ళీ మార్చారు. ఒక్కొక్కటే పక్కకి ఒరిగిపోయాయి. ఐదో రోజు చివరి మోలీ పోయింది. నాన్న స్టూలు మీద కూర్చుని నోటు పుస్తకం ఆఖరి పేజీ చూస్తూ, "అమ్మోనియా ముందే ఉండుంటుంది. పసుపనుకున్నావు," అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. "లేదు మావయ్యా, పసుపే. నిజంగా పసుపే. మణి కూడా చూసింది," అని సత్య నా వైపు తిరిగింది. "చూశావు కదా మణీ?" అమ్మ, నాన్నమ్మ, నాన్న ముగ్గురూ నన్నే చూస్తున్నారు. "నేను సరిగ్గా చూడలేదు," అన్నాను. సత్య ముఖం చూసి నేను దెబ్బ తినలేదు, అప్పుడు. తర్వాత తిన్నాను. నాన్న "సర్లే" అని పుస్తకం మూసి, పెట్టెతో పాటు తన సంచీలో పెట్టేసుకున్నారు.

ఆ స్టూలు పక్క చోటు నాకు ఖాళీ అయ్యింది. మళ్ళీ నీళ్ళు పండించడం మొదలుపెట్టారు కనక, పొద్దున్నే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఎనిమిది చుక్కలు జాగ్రత్తగా వేశాను, ఐదు నిమిషాలు ఆగాను, రంగు చెప్పాను. "ఊఁ," అన్నారు. పది రోజులు అలాగే. నేనూ "మరి?" అని అడిగి చూశాను. "చూద్దాం," అన్నారు. నేను ఎవరి చోటు చూసి ఏడ్చానో ఆ చోట్లో కూర్చుంటే అక్కడ ఏమీ లేదు. అటు సత్య చూస్తుండగానే మారిపోయింది. కాలేజీలో రాసిన లెక్కని నాకు చూపించి "సరిగ్గా ఉందా?" అని అడిగేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే "నువ్వే చూడత్తయ్యా" అనేది. కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చిన లవణం రంగు ఏదో తేల్చుకోలేక, రెండు జవాబులు రాసి రెండూ కొట్టేసి వచ్చింది. ఆ సాయంత్రం పెరట్లో తులసికోట పక్కన కూర్చుని ఏడుస్తుంటే అమ్మ తల నిమురుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ రోజు మాత్రం ఏదీ లెక్కపెట్టలేదు.

మర్నాడు సత్య కాలేజీకి వెళ్ళాక, ఆ నీళ్ళు కూడా పారబోసి పెరట్లో తొట్టి కడుగుతున్న నాన్న దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. స్పాంజీ, బ్లీచింగ్, టీ డికాక్షన్, నేను పసుపు చూసిన సంగతి, అంతా. ఆయన చెయ్యి అద్దం మీద ఆగిపోయింది. "ఎందుకు?" అన్నారు. "మీరు నాతో మాట్లాడరు," అన్నాను. ఆయన నా వైపు చూశారు, ఏదో చెప్పబోయి నోరు తెరిచి, మూసుకున్నారు. "సత్యకి చెప్పు," అన్నారు చివరికి. "నాకు భయంగా ఉంది. మీరే చెప్పండి." ఆయన తల అడ్డంగా ఊపారు. "నీ గురించి ఇలాంటి మాట నేను చెప్పలేను. ఎవరికీ చెప్పలేను." నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. నాన్న నా వైపు ఉండాలని నేను ఎంతో కోరుకున్నాను. ఉన్నారు. ఆ ఉండటం ఎంత బరువో ఆ తర్వాత ప్రతి రోజూ అన్నం పళ్ళెం ముందు తెలిసేది. సెకండియర్ పరీక్షలయ్యాక ఒక రోజు నాన్న "సత్యమ్మా, వేసవిలో ల్యాబ్‌కి రా. రోజూ చూద్దువుగాని. కుదిరితే అందులోనే ఉద్యోగం," అన్నారు. సత్య తల దించుకుని, "వద్దులే మావయ్యా. నావల్ల కాదు," అంది. ఆ నెలలోనే ఊరెళ్ళిపోయింది. సైన్సు వదిలేసి డిగ్రీలో చరిత్ర తీసుకుంది. టీచరయ్యింది. తొట్టిని నాన్న ఎవరికో ఇచ్చేశారు. మా ఇంట్లో మళ్ళీ చేపలు రాలేదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు కింద కొట్లో ఆ సూక్ష్మజీవుల్ని సీసాల్లో అమ్ముతున్నారు. పొద్దున్న తొట్టి కొని, సీసా ఒంపి, తొందరపడేవాళ్ళు సాయంత్రానికే చేపలు వదులుతున్నారు. రంగు చూసే కాగితం ముక్కని ఫోనుకి చూపిస్తే అంకె అదే చెబుతుంది. ఎవరి కళ్ళనీ ఎవరూ నమ్మక్కర్లేదు. అది చూసినప్పుడల్లా మంచిదే అనుకుంటాను. కానీ ఒక పిల్ల గడియారం చూస్తూ ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవడం, ఒక పెద్దాయన ఆ పిల్ల చెప్పబోయే మాట కోసం టీ చల్లారబెట్టుకుని కూర్చోవడం నేను చూశాను. అంత అందమైనది నా బాల్యంలో ఇంకోటి లేదు. దాన్నే పాడుచేశాను.

పదకొండో రోజు సాయంత్రం, చుట్టాలు వెళ్ళిపోయాక, నాన్న చొక్కాలు ఎవరికివ్వాలో విడదీస్తూ సత్యకి చెప్పాను. ఆమె చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మావయ్యకి తెలుసా?" తెలీదని చెప్పచ్చు. ఆయన పేరుకి మచ్చ ఉండదు. కానీ ఇంకో అబద్ధం నా వల్ల కాలేదు. "తెలుసు. నీ ప్రాక్టికల్స్ అయిన మర్నాడే చెప్పాను." సత్య కాసేపు లెక్క వేసుకుంది. "అంటే నన్ను ల్యాబ్‌కి రమ్మన్నప్పటికి తెలుసు." "తెలుసు." "జాలిపడి పిలిచాడనుకున్నాను నేను. నమ్మే పిలిచాడన్నమాట," అంది. లేచి పెరట్లోకి వెళ్ళి, ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. "ఆయనుండగా చెప్పుంటే ఆయన్నే అడిగేదాన్ని కదే. ఎందుకు చెప్పలేదు మావయ్యా అని. ఇప్పుడెవర్నడగను?" ఆమె సగంలో వదిలేసిన చొక్కా తీసుకుని నేను మడత పెట్టాను.

"అంత కోపమేంటి నీకు నా మీద?" అంది సత్య.

"కోపం కాదు. ఆయన నీతో మాట్లాడేవారు. నాతో మాట్లాడేవారు కాదు."

సత్య నా వైపు వింతగా చూసింది. "మావయ్యకి చిన్నప్పుడు నత్తి. నీకు తెలీదా?"

నాకు తెలీదు. పిల్లలు వెక్కిరించేవాళ్ళట. బడిలో ఆయన తరఫున మా మేనత్తే జవాబులు చెప్పేదట. పెద్దయ్యాక రెండు మాటలకి మించకుండా చూసుకుంటే బయటపడదని నేర్చుకున్నారట. సత్యది అచ్చం వాళ్ళమ్మ గొంతు. "నీతో మాట్లాడుతుంటే అక్కతో ఉన్నట్టుంటుంది, నాకు మాట అడ్డం పడదు అనేవాడు. పిల్ల ముందు తడబడితే ఏమనుకుంటుందోనని భయమట. పిల్లంటే నువ్వే," అంది. చెబుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నాకే వచ్చాయి. కానీ నిజం రాస్తానని కూర్చున్నాను కనక రాస్తున్నాను. ఆ నీళ్ళకంటే ముందు నాలో కదిలింది పశ్చాత్తాపం కాదు. ఈ మాట కూడా ఆమెకే చెప్పారన్న అసూయ.

సత్య ఆ సాయంత్రమే రావులపాలెం బస్సెక్కింది. సంచీ అందిస్తే తీసుకుంది, నా ముఖం చూడలేదు. "ఫోన్ చెయ్యనా?" అని అడిగాను. "చెయ్యి. ఎత్తబుద్ధేస్తే ఎత్తుతాను," అంది. ఆదివారాలు చేస్తున్నాను. మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతుంది. ఎత్తినప్పుడు నాన్న గురించి ఒక్క సంగతి అడుగుతాను. వరదలో మేకని భుజాన వేసుకుని గట్టెక్కిన సంగతి, లాంచీలో మొదటిసారి రాజమండ్రి చూసిన సంగతి, ఒకటి చెప్పి పెట్టేస్తుంది. విన్నంతసేపూ ఆయన నాకు దగ్గరగా వచ్చినట్టుంటుంది. ఫోను పెట్టేశాక, ఇంకా ఆమె దగ్గర ఎన్ని మిగిలాయోనని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను.